పొత్తిగుడ్డయు, పుండును, మందును

మహామారులకు చరిత్రకారులు కలరు. మశూచికిని, కలరాకును, ప్లేగుకును గ్రంథములు వెలసినవి. రాజ్యములు తలక్రిందులైన కథలలో నా వ్యాధుల పేళ్లు వినబడుచునే యుండును. కాని చంటిబిడ్డ పిర్రలు కంది, గజ్జలు ఒరుసుకొనిపోయి, తడి తగిలినప్పుడెల్ల బిడ్డ గుక్కపట్టి యేడ్చునట్టి చిన్న బాధకు చరిత్ర వ్రాసినవారు మిక్కిలి తక్కువ. నేటి పట్టణములందలి తల్లులు దానిని డైపర్ ర్యాష్ అందురు; పల్లెలలో ‘ఒరుసుకుపోయింది’, ‘కందిపోయింది’ అని చెప్పి, ఇంత కొబ్బరినూనె రాచి యూరకుందురు. తనంతట నది ప్రాణము తీయదు. శుభ్రత తప్పకున్నచో కొలది దినములలో మానిపోవుటయే దాని స్వభావము. ఐనను దానిని మాన్పుటకును, రాకుండ జేయుటకును మానవుడు పన్నిన యుపాయములు మాత్ర మొకటి కంటె నెక్కువ పర్యాయములు పసికందుల ప్రాణములను గొన్నవి. పుండు కంటె మందు ప్రమాదకరమైన యీ విపరీత మెట్లు సంభవించెనో తెలిసికొనగోరువారు, తడిగుడ్డను తీసి, ఒళ్లు కడిగి, పొడిగుడ్డ వేయు పని ఆయా కాలములం దెవరి చేతిలో నుండెనో ముందుగా విచారింపవలెను. ఆ చేయి బిడ్డకు దగ్గరగా నున్నంతకాలము మందుల యవసర మంతగా లేకపోయెను. అది దూరమైన కొలదిని మందులు తీవ్రములైనవి.

మన వైద్యశాస్త్రములలో నీ వ్యాధికి మిక్కిలి ప్రాచీనమైన వర్ణన కలదు. సుశ్రుతసంహితయందలి నిదానస్థానములో, క్షుద్రరోగములను వివరించు పదమూడవ యధ్యాయమున, ‘అహిపూతనము’ అను పేర నిది కనబడును. మలమూత్రము లంటిన చోటును కడుగకుండుటయు, చెమటపట్టిన శిశువునకు స్నానము చేయింపకుండుటయు దీనికి హేతువులనియు, అందుచే రక్తకఫములు చెడి దురద పుట్టుననియు, గోకిన కొలదిని పొక్కులు లేచి నీరు కారుననియు, తుదకవి యన్నియు నొక్కటియై ఘోరవ్రణముగా పరిణమించుననియు నందు చెప్పబడినది. వాగ్భటుడు అష్టాంగహృదయము ఉత్తరస్థానములో బాలరోగములను చెప్పుచు, మలము పూసికొని నిలుచుటవలనను, చెమటవలనను పుట్టునట్టి యీ రాగివన్నె పుండును వర్ణించి, దీనిని మాతృకాదోషమని కొందరును, గుదకుట్టమని కొందరును, ఇంకను వేరువేరు పేళ్లతో మరికొందరును వ్యవహరింతురని చేర్చెను. ఒక్క వ్యాధికిన్ని పేళ్లు వాడుకలో నుండుటను బట్టి యది యానాడు ఇంటింట నెరిగిన బాధయే యని యూహింపవచ్చును.

రక్తకఫముల మాట యటుంచి, కారణనిర్ణయమున నా ప్రాచీనులు చూపిన సూక్ష్మదృష్టి మెచ్చదగినది. మలము, మూత్రము, చెమట, కడుగకుండుట అను నాలుగింటిని వారొకచోట చేర్చి చెప్పిరి. ఇరువదవ శతాబ్దపు పాశ్చాత్యవైద్యులు వీనిలో మూత్రము నొక్కదానినే పట్టుకొని అరువదేండ్లకు పైగా దారి తప్పిరనుట ముందు తెలియగలదు. చికిత్సలో మాత్రము సుశ్రుతుని మార్గము రెండు పాయలుగా చీలినది. పాలిచ్చు దాది స్తన్యమును శుద్ధిచేయుట, త్రిఫలములు, రేగు, చండ్ర వేసి కాచిన కషాయముతో పుండును కడుగుట ఒక పాయ. అన్నభేది, మైలుతుత్తము, తాళకము మొదలైన ఖనిజములను పుల్లని గంజితో నూరి పట్టించుట రెండవ పాయ. కడుగుమనుటను నేటి వైద్యుడును కాదనడు. కాని మైలుతుత్తము రాగిలవణము. తాళకము పాషాణజాతికి చెందినది. చెడిన చర్మముపై విషద్రవ్యము నుంచు సాహసము మనదేశమునను క్రొత్తది కాదని దీనివలన తేలుచున్నది.

ఐనను మన యిండ్లలో శాస్త్రము కంటె నలవాటే బలవత్తరముగా నుండెను. కోస్తాలో గాని, తెలంగాణములో గాని, రాయలసీమలో గాని, మొన్నమొన్నటివరకు పసిబిడ్డ మొలకు మొలత్రాడు తప్ప వేరాచ్ఛాదనము పగటివేళ నరుదు. నెలలు నిండక మున్నే, ఉతికి యుతికి మెత్తబడిన నూలుచీరలను, పంచెలను చింపి పొత్తిగుడ్డలు సిద్ధము చేసికొనుట ప్రతి పుట్టినింటి యాచారము. కొత్తబట్ట పసి యొంటికి గరుకనుట ప్రతి అమ్మమ్మ నోటను వినవచ్చు మాట. బిడ్డ తడిపిన తోడనే క్రింది గుడ్డను లాగివైచి మరియొకటి పరతురు. దొడ్డికి పోయినచో నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో నద్ది, కొంతసేపు గాలికి వదలుదురు. గాలి తగులని చోట పుండు మానదను సంగతిని వారికెవరును ప్రత్యేకముగా బోధింపలేదు. ఎండకాచు దేశమున గోచి కట్టుట కంటె కట్టకపోవుటయే సులువు గనుక, సులువైన దానినే చేసిరి, అదియే మేలైనది.

పసిబిడ్డకు నీళ్లు పోయు తీరును దగ్గర నుండి చూచినవారికి గాని యందలి నేర్పు తెలియదు. పెద్దావిడ పీటపై కూర్చుండి, చీరను మోకాళ్లపైకి దోపుకొని, కాళ్లు చాచి, ఆ రెండు కాళ్ల నడుమ బిడ్డను బోర్లా పరుండబెట్టుకొనును. నూనె పట్టించి, పెసరపిండితో నలుగు పెట్టి, ఒక చేత చెంబుతో గోరువెచ్చని నీరు ధారగా పోయుచు, రెండవ చేతి వ్రేళ్లతో తొడల మడతలను, గజ్జలను, మెడక్రింది మడతలను ఒక్కొక్కటిగ విడదీసి కడుగును. పిండి రవంత మడతలో నిలిచినను అది యెండి, గరుకెక్కి, మరునాటికక్కడ నెఱ్ఱని చార పడునని యామెకు తెలియును. అందుచేతనే రుద్దుటకు పట్టిన కాలము కంటె కడుగుటకు పట్టు కాలమెక్కువ. తుడుచునప్పుడును రాచి తుడువదు, అద్ది తుడుచును. తరువాత వేయు సాంబ్రాణి పొగను నేటి వైద్యులు పసి యూపిరితిత్తులకు మంచిది కాదందురు గాని, మడతలు విడదీసి కడిగి యద్దుమను నంతవరకు వారికిని ఆ ముదుసలికిని భేదము లేదు.

ఈ సుఖము వెనుక నున్న శ్రమను మరువరాదు. పురిటిగుడ్డలును, పొత్తిగుడ్డలును చాకలిరేవునకు పోయెడివి. చౌడుమట్టి కలిపిన నీటిలో నానవేసి, ఉబ్బకు పెట్టి, బండపై బాది, పలుమారులు జాడించి, ఎండలో నారవేసిన గుడ్డ తిరిగి బిడ్డ యొంటిని చేరును. ఉబ్బలోని యావిరి సూక్ష్మజీవులను చంపును. చౌటిలోని క్షారము నిలిచిపోయినచో చర్మమును కాల్చును గనుక, అది నిలువకుండ జాడించుటలోనే రజకుల నేర్పంతయు నుండెను. ఆ పని మైల యని యెంచబడి, దాని భార మొక కులమువారిపై, అందును స్త్రీలపై, తరతరములుగా మోపబడినది. ఇంటిలో మిగిలినది తల్లిపైనను, అమ్మమ్మపైనను, పెద్దపిల్లపైనను పడినది. బిడ్డ పిర్రలు కందకుండుటకు వెల చెల్లించినవి యీ స్త్రీల చేతులే. ఆ వెల యే ఖాతాలోను వ్రాయబడలేదు.

శీతలదేశముల స్థితి వేరు. ఐరోపాలో శతాబ్దముల పర్యంతము శిశువును మెడనుండి పాదములవరకు పట్టీలతో బిగించి చుట్టెడివారు. విప్పుటయు, మరల చుట్టుటయు పెద్దపని యగుటచే, తడిసినను మలినమైనను బిడ్డ గంటలకొలది యా చుట్టలోనే యుండవలసి వచ్చెను. 1748లో విలియం కేడొగన్ అను వైద్యుడు, తల్లిదండ్రులు విడిచిన శిశువులను పెంచు లండను ఫౌండ్లింగ్ ఆసుపత్రి పాలకులలో నొకరికి లేఖారూపమున శిశుపోషణమును గూర్చి యొక వ్యాసము వ్రాసి, యీ యాచారమును తీవ్రముగా ఖండించి, వదులైన తేలిక బట్టలు వేయవలెననియు, వానిని తరచుగా మార్చవలెననియు వాదించెను. చుట్టలు క్రమక్రమముగా పోయి, వాని స్థానమున నలుచదరపు గుడ్డను మడిచి మొలకు కట్టు పద్ధతి వచ్చెను. 1849లో న్యూయార్కు నివాసియగు వాల్టర్ హంట్, పదునైదు డాలర్ల ఋణము తీర్చుటకై యొక తీగముక్కను వంచి, గ్రుచ్చుకొనని పిన్నీసును కల్పించి, దానిపై హక్కును నాలుగువందల డాలర్లకు విక్రయించెను. నేటికిని మన యిండ్లలో గుడ్డ కట్టిన చోటనెల్ల నాతని పిన్నీసే కనబడును. పిమ్మట రబ్బరు పరిశ్రమ వృద్ధియై, గుడ్డపై తొడుగు రబ్బరు లాగులు వచ్చినవి. తడి బయటికి రాకుండ నవి కాపాడినది పరుపును గాని బిడ్డను గాదు. లోపల వేడియు, చెమ్మయు నిలిచి, చర్మము మెత్తబడి, బాధ మునుపటికంటె త్వరగా కలుగసాగెను.

ఇచట మందుల యుగ మారంభమైనది. పంతొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లేయ గృహములలో చెమ్మను పీల్చుటకై బిడ్డ మొలపై సుగంధము చేర్చిన పిండిని చల్లుట వాడుక. దానిని వయొలెట్ పౌడరందురు. గంజిపిండితో చేయవలసిన యీ పొడిలో తెల్లపాషాణము కలిసి, 1878లో ఎసెక్సు ప్రాంతమున పలువురు శిశువులు మరణించిరి. ఒరసిన చర్మమున పాషాణ మెంత సులభముగా లోనికింకునో లోకమునకు తెలిసిన తొలి సందర్భములలో నిది యొకటి. 1886లో ఇంగ్లండునందలి యొక ప్రసూతిశాలలో క్రొత్తగా పుట్టిన శిశువులు నీలివన్నెకు తిరుగుచుండగా, గుండెజబ్బేమో యని భయపడిన వైద్యులు విచారించి చూడ, ఆసుపత్రి గుడ్డలు పోకుండుటకై వేసిన ముద్ర యందలి అనిలీను సిరాయే కారణమని తేలెను. తడి తగిలి కరగిన యా రంగు చర్మమునుండి రక్తము చేరి, ప్రాణవాయువును మోయు శక్తిని హరించుచుండెను. ముద్ర వేసిన గుడ్డను ముం దుడికించి యుతికినచో నీ యాపద లేదు. ఆ చిన్నపని చేయు నవకాశము బిడ్డ తల్లికి లేదు, చేయవలసిన చాకళ్లశాలకు బిడ్డతో సంబంధము లేదు. ఆ తరువాత పలు దశాబ్దములు వేరువేరు దేశముల ప్రసూతిశాలలలో నిదే కథ మరల మరల జరిగెను.

అదే కాలమున రెండు మూడు మంచి వస్తువులును వెలసినవి. 1872లో రాబర్ట్ చీస్‌బ్రో అమెరికాలో వాసెలైనుకు పేటెంటు పొందెను. బెర్లినులోని చర్మవైద్యుడు ఓస్కార్ లాసర్, జింకు ఆక్సైడును, గంజిపిండిని, వాసెలైనుతో కలిపి చిక్కని లేపము చేసెను. ఆ లేపము నేటికిని ఆతని పేరనే ప్రసిద్ధము. ఈ రెండింటి గుణము రోగమును చంపుట గాదు, చర్మమునకును తడికిని నడుమ నడ్డుగా నిలుచుట. చర్మములోని కింకకుండుటయే వాని సుగుణము. 1890 ప్రాంతమున తాల్కు పొడి అమెరికాలో శిశువుల కొఱకు విక్రయింపబడసాగి, ప్రపంచమంతట వ్యాపించి, మన యూళ్లలో పసిబిడ్డ యన్న పౌడరు వాసనయే జ్ఞాపకమునకు వచ్చునంతగా నలవాటైనది. చల్లునప్పుడు లేచు ధూళి యూపిరితిత్తులలో చేరునని శిశువైద్యులు చిరకాలముగా హెచ్చరించుచున్నారు.

ఇరువదవ శతాబ్దమున నీ వ్యాధిచరిత్రకు కేంద్రమైనది అమెరికాలోని సెయింట్ లూయీ నగరము. 1905లో ఫ్రెంచి చర్మవైద్యుడు జాకె యీ వ్రణములను వర్ణించియుండెను గాని, కారణము స్థిరపడలేదు. 1915లో సెయింట్ లూయీ శిశువైద్యుడు జాన్ జహోర్‌స్కీ, తెల్లవారుజామున బిడ్డ గుడ్డ విప్పగానే ముక్కులు పగులునట్లు కొట్టు ఘాటువాసనపై దృష్టి నిలిపి, అది అమ్మోనియా యని, ఒరుపునకదియే హేతువని చెప్పెను. ఏ తల్లి యైనను ఔననదగిన మాట యది. 1921లో నదే నగరమున కుక్ అను వైద్యుడు, మలమందలి యొక సూక్ష్మజీవి మూత్రములోని యూరియాను విరిచి యమ్మోనియాను పుట్టించుచున్నదని నిరూపించి, ఆ జీవిని చంపినచో రోగము నిలుచునని, గుడ్డలను పాదరసలవణపు నీటిలో ముంచి యారవేయుమని సలహా యిచ్చెను. తర్కము నిర్దుష్టముగా దోచినది. తడిసిన గుడ్డను వెంటనే మార్చుమనుటకు బదులు, మార్చకున్నను వాసన రాని గుడ్డను తయారుచేయుట యిందలి యాశయము. నాటినుండి యేబదేండ్లు వైద్యులును, చాకళ్లశాలలును బిడ్డను విడిచి గుడ్డకే మందు వేయసాగిరి.

పాదరసము ధర్మము తరువాత తెలిసినది. చేతులు కాళ్లు గులాబివన్నెకు తిరిగి, తోలు ఊడి, బిడ్డ నిద్రాహారములు మాని యేడ్చు ‘గులాబి వ్యాధి’కి మూలము పాదరసపు మందులేనని 1940 దశకమున సిన్సినాటిలో జోసెఫ్ వార్కనీ కనుగొనెను, పండ్లు వచ్చునప్పుడు వాడు పొడులతో పాటు గుడ్డలకు పట్టించిన లవణములును సంశయమునకు పాత్రములైనవి. పాదరసమునకు మారుగా ఇంటింట వాడబడిన బోరిక్ పొడియు నంతకన్న మేలు కాలేదు. కంటి మందుగాను, పుండు మందుగాను అందరి నమ్మకము గొన్న యా తెల్లనిపొడి ఒరసిన పిర్రలపై చల్లగా రక్తములో చేరి, వాంతులు, విరేచనములు, మూర్ఛలు కలిగించి, ప్రాణము తీయగలదని, 1953లో కెనడాకు చెందిన గోల్డ్‌బ్లూం వైద్యులు తాము చూచిన నాలుగు కేసులతో బాటు, ప్రపంచ వైద్యసాహిత్యమునుండి 109 కేసులను సమీక్షించి చూపిరి. పొడి చల్లినకొద్దీ చర్మము చెడును. చర్మము చెడినకొద్దీ పొడి చల్లుదురు. విష మెక్కువగా లోని కింకును: ఈ చక్రము తల్లికి కనబడునది కాదు.

అటుపిమ్మటి మూడు దుర్ఘటనలను ఒకచోట చేర్చి చూచిన, వాని పోలిక స్పష్టమగును. 1967లో, మరల సెయింట్ లూయీలోనే, ఒక చిన్న ప్రసూతిశాలయందలి శిశువులకు కారణము తెలియక విపరీతముగా చెమటలు పట్టి జ్వరము రాగా, ఇద్దరు మరణించిరి; చాకళ్లశాలలో కడపటి జాడింపునకు కలిపిన ద్రవ్యమందు పెంటాక్లోరోఫీనాల్ అను క్రిమినాశిని యున్నదని తరువాత తెలిసెను. 1972లో ఫ్రాన్సులో, హెక్సాక్లోరోఫీన్ పొరపాటున నూటికారుపాళ్లకు మించి కలిసిన యొక తాల్కు పొడి వలన 204 మంది శిశువులు రోగగ్రస్తులు కాగా 36 మంది మృతిచెందిరి; ఆ మందు మెదడును దెబ్బతీసినది. 1980 ప్రాంతమున అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఐరెస్‌లో, గుడ్డలు ఉతికి యిండ్లకు పంపునట్టి యొక వ్యాపారసంస్థ బూజు పట్టకుండుటకై పాదరసముతో కూడిన ద్రవ్యమును వాడగా వేలకొలది శిశువుల దేహములలో పాదరసము చేరినది. మూడింటను గుడ్డ యుతుకుట గాని, పొడి తయారుచేయుట గాని, బిడ్డ ముఖము చూడని చోట జరిగెను. చాకలి క్షారము జాడింపక విడిచినచో మరునాడే బిడ్డ యేడ్పు వీధి దాటి యామెకు వినవచ్చును. కర్మాగారమునకా యేడ్పు చేరుటకు నెలలు పట్టును, ఈలోపల పదులు వందలగును. పైగా పసి యొంటి బరువుతో పోల్చినచో చర్మపు విస్తీర్ణమెక్కువ. గుడ్డ కప్పిన చోట చెమ్మ నిలిచి, పొర చెదరి, పెద్దవారి కింకని ద్రవ్యములును వారి కింకిపోవును.

ఇంతకును అమ్మోనియాయే దోషియా? ఆ ప్రశ్నను సూటిగా వేయుటకు 1977 వరకు నాగవలసి వచ్చినది. ఫిలడెల్ఫియాలో జేమ్స్ లైడెన్ బృందము ఒరుపున్న బిడ్డలను, లేని బిడ్డలను పోల్చి చూడగా, అమ్మోనియాలో గాని, దానిని పుట్టించు జీవులలో గాని వారిరువురికిని భేదము లేదు; ఆరోగ్యముగా నున్న చర్మమును అమ్మోనియా యంతగా బాధింపలేదు. 1986లో బకింగ్‌హాం, బెర్గ్ అను పరిశోధకులు మిగిలిన కథను పూరించిరి. తడిలో నానిన చర్మము మెత్తబడి యొరపిడికి లొంగును. మలమునందు ఆహారమును జీర్ణము చేయు ఎంజైములు మిగిలి యుండును. మలసంపర్కముచే మూత్రములోని యూరియా విరిగి క్షారత పెరిగినప్పుడు, ఆ యెంజైములు విజృంభించి చర్మపు మాంసకృత్తును, కొవ్వును కూడ జీర్ణము చేయ మొదలిడును. చర్మము సహజముగా కొంచెము ఆమ్లగుణము కలది. దాని నా స్థితిలో నుంచుటయే రక్షణము. కావున మూత్రము సహాయకుడే గాని ప్రధానదోషి కాదు; మలము, చెమ్మ, ఒరపిడి, కాలవిలంబము, అను నివి కూడినప్పుడే పుండు. విరేచనములైన బిడ్డకు ఒక్కపూటలో పిర్రలు పచ్చిపుండగుటకును, తల్లిపాలు త్రాగు బిడ్డలలో ఒరుపు తక్కువగా నుండుటకును కారణమిదియే. సుశ్రుతుడు ముందుగా మలమును, పిదప మూత్రమును, ఆ తరువాత చెమటను పేర్కొనిన వరుస కూడ తప్పు కాలేదు.

మానని యొరుపులలో మరియొక దోషి కలడు: కాండిడా యను బూజు. మామూలు ఒరుపు గుడ్డ తాకు నెత్తైన భాగములను కందించి గజ్జల మడతలను విడుచును. బూజు మడతలలోనే చేరి, రక్తవర్ణమున మెరసి, అంచులకావల చిన్న చిన్న చుక్కలను వెదజల్లును. నోటిపూతతో గాని, ఆంటీబయోటిక్కులు వాడిన పిదప గాని తరచు వచ్చును. దీనికి మందు కనుగొన్నవారు ఇద్దరు స్త్రీలు. ఎలిజబెత్ హేజన్ న్యూయార్కు నగరములోను, రేచెల్ బ్రౌన్ ఆల్బనీలోను ఉండి, మన్నులోని సూక్ష్మజీవుల కషాయములను గాజుజాడీలలో పెట్టి తపాలాలో నొకరి కొకరు పంపుకొనుచు పరీక్షించిరి. వర్జీనియాలోని యొక పాడిక్షేత్రపు మన్నునుండి 1950లో నిస్టాటిన్ వెలువడినది. దానిపై వచ్చిన కోటి ముప్పదిలక్షల డాలర్ల రాబడిని వారు శాస్త్రపరిశోధనకే సమర్పించిరి. మునుపటి మందులకును దీనికిని గల తేడా యేమనగా, ఇది బూజును చంపును గాని పసిచర్మము గుండ రక్తములోనికి పోదు.

ఐనను ఒరుపు తగ్గుటకు మందుల కంటె నెక్కువ తోడ్పడినది గుడ్డ మారుటయే. 1940 దశకపు చివర అమెరికాలో మేరియన్ డొనోవన్ స్నానపు గది తెరను కత్తిరించి కుట్టి, రబ్బరు లాగుకన్న గాలి యాడునట్టి తొడుగును చేసి, పిన్నీసుకు మారుగా గుండీ లమర్చెను. 1949లో నది యంగడి కెక్కెను, 1951లో దానిపై హక్కు పదిలక్షల డాలర్లకు పోయెను. ఆ సమయముననే ఇంగ్లండులో వేలరీ హంటర్ గోర్డన్ అను తల్లి పాత పారాచూటు బట్టతో తొడుగు కుట్టి, లోపల పారవేయదగిన దూది యుంచెను. 1961లో విక్టర్ మిల్స్ రూపొందించిన కాగితపు డైపరును ఇల్లినాయి రాష్ట్రములోని పియోరియాలో పరీక్షార్థ మమ్మగా, ఒక్కటి పది సెంట్ల వెల యని జనులు వెనుదీసిరి. ఆ పియోరియాలోనే ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాలవారు 1970 దశకమున మొక్కజొన్న పిండి నుండి తన బరువునకు వందలరెట్లు నీరు పీల్చు పొడిని చేసిరి. ఇట్టి పీల్చుపొడులు 1980 దశకమున డైపర్లలో చేరి, తడిని జిగురుగా మార్చి బంధించి, చర్మమునకు దూరము చేసినవి. నాటినుండి తీవ్రమైన యొరుపులు గణనీయముగా తగ్గినట్లు పరీక్షలు తేల్చినవి. ఆ పొడి చర్మమునకు వైద్య మేమియు చేయదు. తడిగుడ్డను లాగివైచు చేతి పనిని మాత్రము చేయును.

మన నగరములలోను, పల్లెలలోను నేడదే డైపరు వాడుకలో నున్నది. పాతచీరల పొత్తిగుడ్డలు పురిటింటి మొదటి దినములకు పరిమితములగుచున్నవి. చాకలి స్త్రీల మీది యనాదర భార మీ విధముగానైన తగ్గుట మంచిదే; చెత్తకుండీలలో కుళ్లక మిగులు డైపర్ల గుట్టలు వేరొక సమస్య. బిడ్డ విషయమున మాత్ర మొక్క మాట జ్ఞాపకముంచుకొనదగినది. పీల్చుపొడి మూత్రమును బంధించును గాని మలమును బంధింపలేదు. కావున పన్నెండు గంటల పొడితన మను ప్రకటన మూత్రమునకే వర్తించును. మలినమైన తోడనే మార్చుట, మూడు నాలుగు గంటల కొకసారి తప్పక చూచుట, గోరువెచ్చని నీటితో కడిగి యద్దుట, దినమున కొంతసేపు మొలకు గాలి తగులనిచ్చుట, కందిన చోట జింకు ఆక్సైడు గాని వాసెలైను గాని దట్టముగా పూయుట, బిగుతుగా తొడుగకుండుట: వీనితో సాధారణమైన యొరుపు మూడు దినములలో తగ్గవలెను. తగ్గనిచో, మడతలలో నెఱ్ఱని మెరుపు కనబడినచో, చీము గాని జ్వరము గాని యున్నచో వైద్యునికి చూపవలెను. నోటి చుట్టును, చేతులకాళ్లకును కూడ పుండ్లు లేచి విరేచనములు పట్టువిడువకున్నచో జింకు లోపము కావచ్చును. ఆ రోగమునకు జింకే మందని 1970 దశకమున తెలిసినది.

మందులకొట్టున నడిగి తెచ్చుకొను ట్యూబు లేపములు మాత్ర మీ కథలో క్రొత్త యపాయము. స్టీరాయిడు, బూజుమందు, ఆంటీబయోటిక్కు మూడింటిని కలిపినట్టి యా లేపము రాయగానే ఎఱుపు మాయమగుటచే మిక్కిలి గుణకారిగా తోచును. కాని డైపరు క్రింద మూతపెట్టినట్లుండు నా చోట స్టీరాయిడు మిక్కుటముగా నింకి చర్మమును పలుచబరచును. దానివలన పసిపిర్రలపై గడ్డలు లేచుటను 1971లోనే ఐరోపా వైద్యులు వర్ణించిరి. 2018లో భారతప్రభుత్వము స్టీరాయిడు లేపములను వైద్యుని చీటీ లేనిదే యమ్మరాదని కట్టడి చేసినది. చీటీ యడుగని కొట్లింకను కలవు గనుక, ఆ జాగ్రత్త కొనువారే వహింపవలెను.

రెండువేల యేండ్ల యీ చరిత్రలో మేలు చేసినవానికన్నిటికి నొక్కటే లక్షణము: తడిని, మలమును చర్మమునకు దూరము చేయుట. కీడు చేసినవానికిని ఒక్కటే లక్షణము: వానిని దూరము చేయకయే పుండు మాన్పజూచుట. పాషాణము, పాదరసము, బోరిక్కు, హెక్సాక్లోరోఫీన్, స్టీరాయిడు అన్నియు మార్చని గుడ్డకు ప్రాయశ్చిత్తములుగా వచ్చినవే. అందుచేత పిర్రలు కందిన బిడ్డను చూచి యే మందు పూయుదుమని యడుగుటకు ముందు, గుడ్డ యెంతసేపటి క్రిందట మార్చితిమని యడుగుట మంచిది. ఆ పనిని తల్లి యొక్కర్తెకు వదలక, తండ్రియు, ఇంటిలోని తక్కినవారును పంచుకొన్నప్పుడే యా ప్రశ్నకు తగిన సమాధానము దొరకును.